హోస్ట్ దగ్గర మొహమాటం పనికిరాదు

"ఒక్క మంచి మెషీన్ కొన్నాం కదా, అన్నీ దాని మీదే పెట్టేయండి." చిన్న ఆఫీసుల్లో సర్వర్ వర్చువలైజేషన్ చాలాసార్లు ఈ మాటతోనే మొదలవుతుంది. చెప్పేది యజమాని, వినేది మీరు. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఒకే యంత్రం మీద నాలుగైదు సర్వర్లను విడివిడిగా నడపడానికే హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది. చిక్కంతా ఆ "అన్నీ" దగ్గరే. ఏవి పెట్టొచ్చు, ఎన్ని పెట్టొచ్చు, ఆ మెషీన్ అసలు ఒప్పుకుంటుందా అని తేల్చుకోకుండా "సరే సార్" అనేస్తాం. శనివారం సాయంత్రం పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ కొట్టేస్తాం. సోమవారం పొద్దున్నుంచి ఫోన్లు మోగుతాయి.

హైపర్‌వైజర్ ఎక్కే అసలు యంత్రాన్ని హోస్ట్ అంటాం. దాని మీద నడిచే వర్చువల్ మెషీన్లను గెస్టులంటాం. గెస్ట్ పాడైతే ఒక్క పని ఆగుతుంది, హోస్ట్ పాడైతే ఆఫీసే ఆగుతుంది. అందుకే ప్రతి కంపెనీ తన హైపర్‌వైజర్‌తో పాటు ఏమేం ఉండాలి, ఏమేం చేయకూడదు అని రెండు రకాల మాటలు రాసిపెడుతుంది. మనవాళ్లు మొదటిది పైపైన చూస్తారు, రెండోదాని జోలికి వెళ్లరు. నా సలహా దీనికి తలకిందులు. చేయకూడనివి ముందు చదవండి. లేనివాటిని డబ్బు పెట్టి తెచ్చుకోవచ్చు. కూడనివి మాత్రం గెస్టులన్నీ ఎక్కి, జనం పని మొదలుపెట్టాక బయటపడతాయి. అప్పటికి వెనక్కి తిరగడానికి దారి ఉండదు.

ప్రాసెసర్ ఒప్పుకోవాలి

మొదటి షరతు ప్రాసెసర్‌ది, దీని వెనక కాస్త చరిత్ర ఉంది. వర్చువల్ మెషీన్లు సరిగా నడవాలంటే ప్రాసెసర్ ఎలా ఉండాలో 1974లోనే జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఒక పరిశోధన పత్రంలో తేల్చి చెప్పారు. యంత్రం స్థితిని తాకే ఏ ఇన్‌స్ట్రక్షన్‌నైనా మామూలు ప్రోగ్రాం వాడబోతే అది వెంటనే హైపర్‌వైజర్ చేతికి చిక్కాలి అన్నది అందులోని సారం. మన పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లు ఈ పరీక్షలో తప్పాయి. కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు ఎవరికీ చిక్కకుండా జారిపోయేవి. 1999లో వచ్చిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ గెస్ట్ కోడ్‌ను నడుస్తుండగానే తిరగరాసి ఈ లోటును సాఫ్ట్‌వేర్‌తో పూడ్చింది. 2005 చివర్లో ఇంటెల్ వీటీ-ఎక్స్, 2006లో ఏఎండీ-వీ వచ్చాక ఆ భారం చిప్ మీదికి వెళ్లింది. 2007లో లినక్స్ కెర్నల్‌లో చేరిన కేవీఎం పుట్టుకతోనే ఈ చిప్ సాయం మీద ఆధారపడింది. వీఎంవేర్ వాళ్ల ఈఎస్ఎక్స్ఐ, మైక్రోసాఫ్ట్ వాళ్ల హైపర్-వీ, కేవీఎం మీద నడిచే ప్రాక్స్‌మాక్స్ అన్నీ ఇప్పుడు దాన్నే అడుగుతాయి.

ప్రాసెసర్‌లో ఈ సౌకర్యం ఉండటం వేరు, అది ఆన్‌లో ఉండటం వేరు. ఏఎండీ మదర్‌బోర్డుల బయోస్‌లో ఇది "ఎస్‌వీఎం మోడ్" అన్న పేరుతో ఏ మూలో ఉంటుంది, చాలా బోర్డుల్లో ఆఫ్‌లోనే వస్తుంది. ఇంటెల్‌లో "ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ" అని కనిపిస్తుంది. ఆన్ చేశాక రీస్టార్ట్‌తో సరిపెట్టకండి. మెషీన్‌ను పూర్తిగా ఆపి, కాసేపాగి, మళ్లీ ఆన్ చేయండి. విండోస్ ఉన్న మెషీన్ అయితే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీ చూడండి, వర్చువలైజేషన్ ఎనేబుల్ అయిందో లేదో అక్కడే రాసి ఉంటుంది. లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ చెబుతుంది. బయోస్‌లో ఎన్ఎక్స్ లేదా ఎక్స్‌డీ బిట్ కూడా ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఈఎస్ఎక్స్ఐకీ హైపర్-వీకీ అది తప్పనిసరి. విండోస్ సర్వర్ 2016 నుంచి హైపర్-వీ స్లాట్ అనే ఇంకో సౌకర్యం కూడా కావాలంటుంది. గెస్టుల మెమరీ చిరునామాలను అనువదించే పనిని చిప్పే చూసుకోవడం అన్నమాట. ఇంటెల్‌లో దాని పేరు ఈపీటీ.

గ్రాఫిక్స్ కార్డునో నెట్‌వర్క్ కార్డునో నేరుగా ఒక గెస్ట్‌కు అప్పగించాలంటే వీటీ-ఎక్స్ ఒక్కటే చాలదు, వీటీ-డీ కావాలి. ఏఎండీలో ఏఎండీ-వీఐ. పేర్లు దగ్గరగా ఉండటంతో రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ.

పాత సర్వర్లు కొనేవాళ్లకు ఇక్కడ ఒక మాట. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ సర్వర్లు చౌకగా దొరుకుతాయి. 2012 నాటి శాండీ బ్రిడ్జ్ జియాన్ ప్రాసెసర్లు రెండు, ర్యామ్ దండిగా, చూడ్డానికి ఏనుగంత మెషీన్. కానీ ఆ తరం ప్రాసెసర్లకు ఈఎస్ఎక్స్ఐ 8లో మద్దతు తీసేశారు. అదే మెషీన్ మీద ప్రాక్స్‌మాక్స్ హాయిగా నడుస్తుంది. అంటే మెషీన్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. దేనికి మంచిది అన్నదే ప్రశ్న, అది అడ్వాన్స్ ఇవ్వకముందు అడగాల్సిన ప్రశ్న. మరీ కొత్తవాటికీ ఓ తిరకాసు ఉంది. ఇంటెల్ 12వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి ఇస్తున్నారు. కోర్లన్నీ ఒకేలా ఉంటాయని నమ్మే ఈఎస్ఎక్స్ఐ అలాంటి మెషీన్ మీద బూట్ అవుతూనే ఊదారంగు తెర చూపించి ఆగిపోవచ్చు. దాన్ని దాటించే బూట్ ఆప్షన్లు ఉన్నాయి. ఇంట్లో నేర్చుకోవడానికి వాడుకోండి. జీతాలు లెక్కకట్టే సర్వర్ మీద మాత్రం వద్దు.

కనీసం అంటే పాస్ మార్కులే

ఈఎస్ఎక్స్ఐ 8కి కనీసం రెండు కోర్లు, 8 జీబీ ర్యామ్ కావాలి. హైపర్-వీకి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీసం 4 జీబీ. ప్రాక్స్‌మాక్స్ తనకూ తన సర్వీసులకూ 2 జీబీ చాలంటుంది. ఈ అంకెలు చూసి పదహారు జీబీ మెషీన్ మీద ఐదు గెస్టులు ఎక్కించేవాళ్లున్నారు. పదో తరగతిలో 35 మార్కులు ఎలాంటివో ఇవీ అలాంటివే. తప్పలేదని చెప్పడానికి పనికొస్తాయి, సీటు తెచ్చిపెట్టవు. కనీసం అన్నది హోస్ట్ లేచి నిలబడటానికి. గెస్టుల లెక్క దాని మీద మొదలవుతుంది.

ఒక చిన్న ఆఫీసు లెక్క వేద్దాం. డొమైన్ కంట్రోలర్‌కు 4, ఫైల్ సర్వర్‌కు 6, అకౌంటింగ్ డేటాబేస్‌కు 8, హాజరు సాఫ్ట్‌వేర్‌కు 4 జీబీ. మొత్తం 22. హోస్ట్‌కు 4 పక్కన పెడితే 26. డిస్కులకు జెడ్ఎఫ్ఎస్ వాడుతుంటే దాని క్యాష్‌కూ వాటా తీయాలి. ప్రాక్స్‌మాక్స్ డాక్యుమెంటేషన్ వాడే ప్రతి టెరాబైట్‌కూ ఉజ్జాయింపుగా 1 జీబీ అదనంగా ఉంచమంటుంది. ఇదివరకు జెడ్ఎఫ్ఎస్ అవసరమైతే మొత్తం ర్యామ్‌లో సగం దాకా వాడుకునేది. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా చేసే ఇన్‌స్టలేషన్లలో ఆ పరిమితిని పది శాతానికి తగ్గించారు. 32 జీబీ మెషీన్‌లో అది 3 జీబీ పైచిలుకు. అంటే చేతిలో మిగిలేది 3 జీబీ లోపు. ఇంకో నెలకు యజమాని "వెబ్‌సైట్ కూడా ఇందులోనే పెట్టేద్దాం" అంటే మీ జవాబు ఈ కాగితం మీదే సిద్ధంగా ఉంది.

ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ పంచే మార్గాలున్నాయి. వీఎంవేర్‌లో బెలూనింగ్ అంటారు, హైపర్-వీలో డైనమిక్ మెమరీ. ఖాళీగా కూర్చునే గెస్టులకు అవి బాగానే పనిచేస్తాయి. డేటాబేస్ ఉన్నచోట మాత్రం కేటాయించిన ర్యామ్ కేటాయించినట్టే ఉండాలి. లేకపోతే నెలాఖరున అందరూ ఒకేసారి రిపోర్టులు తీసేటప్పుడు హోస్ట్ డిస్కు మీద స్వాప్ మొదలుపెడుతుంది. ఆ నెమ్మదికి కారణం గెస్ట్ లోపలి నుంచి చూసేవాళ్లకు అంతుపట్టదు. ప్రాసెసర్ విషయంలో ఇంత బిగింపు అక్కర్లేదు, కోర్లను ఒకటికి రెండుగా పంచినా చాలా ఆఫీసుల్లో నడుస్తుంది. కాకపోతే రెండు కోర్లు చాలే గెస్ట్‌కు "ఉన్నాయి కదా" అని ఎనిమిది ఇవ్వకండి. అవి దొరికే దాకా కాచుకుని అదే నెమ్మదిస్తుంది.

డిస్కుల దగ్గర

నన్నడిగితే, ఎక్కువ హోస్టులు డిస్కుల దగ్గరే చెడతాయి. ర్యామ్ తక్కువైతే తెలుస్తుంది, కొని వేస్తాం. డిస్కుల ఎంపిక తప్పైతే ఆ సంగతి కరెంటు పోయిన రోజే తెలుస్తుంది.

జెడ్ఎఫ్ఎస్, సెఫ్ అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్లు రెండూ డిస్కులను నేరుగా చూడాలనుకుంటాయి. మధ్యలో హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు కూర్చుంటే కుదరదు. ప్రాక్స్‌మాక్స్ వాళ్లు ఈ సంగతి గట్టిగానే చెబుతారు. అయినా బ్రాండెడ్ సర్వర్‌తో పాటు వచ్చిన రెయిడ్ కార్డును తీసేయడానికి మనసొప్పక, దాని కింద రెయిడ్ చేసి, పైన మళ్లీ జెడ్ఎఫ్ఎస్ వేసేవాళ్లున్నారు. రెండు తాళాలు వేస్తే రెండింతల భద్రత అన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఏ డిస్కులో ఏం పాడైందో జెడ్ఎఫ్ఎస్‌కు కనిపించదు, కాబట్టి బాగుచేయలేదు. రెయిడ్ కార్డే కావాలనుకుంటే బ్యాటరీతో కాపాడే రైట్ క్యాష్ ఉన్నది తీసుకోండి, దాని మీద ఎల్‌వీఎం వాడండి. జెడ్ఎఫ్ఎస్ కావాలనుకుంటే ఆ కార్డును హెచ్‌బీఏ మోడ్‌లో పెట్టండి, లేదా పక్కన పెట్టండి. రెండిట్లో ఏదో ఒకటి.

ఎస్ఎస్‌డీ కొనేటప్పుడు స్పీడు తరవాత చూడొచ్చు. ముందు చూడాల్సింది పవర్ లాస్ ప్రొటెక్షన్. కరెంటు పోయిన క్షణంలో లోపలి క్యాష్‌లో ఉన్న డేటాను రాసి ముగించడానికి ఎంటర్‌ప్రైజ్ ఎస్ఎస్‌డీల్లో కెపాసిటర్లు ఉంటాయి. మామూలు ఎస్ఎస్‌డీల్లో ఉండవు. పైగా డేటాబేస్‌లు చేసే సింక్ రైట్లకు ఈ చౌక ఎస్ఎస్‌డీలు హార్డ్ డిస్కులంత నెమ్మదిస్తాయి. గేమ్స్ ఆడే కుర్రాడి పీసీలో దూసుకుపోయే డ్రైవ్, నాలుగు గెస్టుల కింద చతికిలపడటం ఇందుకే.

ఈఎస్ఎక్స్ఐని చాలా ఏళ్లు పెన్‌డ్రైవ్ మీదా ఎస్‌డీ కార్డు మీదా ఇన్‌స్టాల్ చేసేవాళ్లు. పాత శిక్షణ వీడియోల్లో ఇప్పటికీ అలాగే చూపిస్తారు. 2020లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి అది బూట్ డిస్కు మీద రాసే పని పెరిగింది, కార్డులు అరిగిపోయి చనిపోవడం మొదలైంది. ఇప్పుడు కనీసం 32 జీబీ ఉన్న నికరమైన డిస్కు అడుగుతుంది. 128 జీబీ ఉంటే మంచిదంటుంది.

స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవడం ఇంకో జబ్బు. ఒకే స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేర్ తన వినియోగదారులకు చెబుతుంది. అప్‌డేట్ వేసే ముందు తీయండి, పని అయ్యాక తీసేయండి. బ్యాకప్ వేరే మెషీన్‌లో ఉండాలి. హోస్ట్ డిస్కులోనే ఉన్న బ్యాకప్ హోస్ట్‌తో పాటే పోతుంది.

నెట్‌వర్క్

ఈఎస్ఎక్స్ఐ విషయంలో నెట్‌వర్క్ కార్డు దగ్గరే చాలామంది ఆగిపోతారు. 7వ వెర్షన్‌లో పాత లినక్స్ డ్రైవర్ల పొరను పూర్తిగా తీసేశారు. దాంతో డెస్క్‌టాప్ బోర్డుల మీద ఉండే రియల్‌టెక్ కార్డులెన్నో పనికిరాకుండా పోయాయి. కార్డు కనబడకపోతే ఇన్‌స్టలేషనే ముందుకు సాగదు. అందుకే కంపాటిబిలిటీ గైడ్ అన్నది ఉంది. ఒకప్పుడు వీఎంవేర్ పేరుతో ఉండేది, ఇప్పుడు ఆ కంపెనీని కొన్న బ్రాడ్‌కామ్ పేరుతో ఉంది. అందులో మెషీన్ మోడల్ ఒక్కటే చూసి ఊరుకోకండి. నెట్‌వర్క్ కార్డు, స్టోరేజ్ కంట్రోలర్ కూడా మీరు వేయబోయే వెర్షన్ ఎదురుగా ఉన్నాయేమో చూడండి.

వైఫై మీద హోస్ట్ నడపాలనుకునే విద్యార్థులకు: కుదరదు. ఈఎస్ఎక్స్ఐ వైఫైని అసలు గుర్తించదు. ప్రాక్స్‌మాక్స్‌లో కార్డు పనిచేసినా గెస్టులను మామూలుగా బ్రిడ్జ్ చేయలేరు. తనకు తెలియని మ్యాక్ అడ్రస్‌తో వచ్చే ప్యాకెట్లను యాక్సెస్ పాయింట్ ఒప్పుకోదు. కేబుల్ లాగండి.

హోస్ట్‌కు ఐపీ అడ్రస్ స్థిరంగా ఉండాలి, పేరు కూడా అంతే. ప్రాక్స్‌మాక్స్‌లో గెస్టుల సెట్టింగులన్నీ ఆ నోడ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. గెస్టులు ఎక్కాక పేరు మార్చాలంటే అవస్థే. "టెస్ట్1" అని సరదాగా పేరు పెట్టి, అదే ఆఫీసు సర్వర్‌గా స్థిరపడిపోయిన మెషీన్లు ఎన్నో. రేపు క్లస్టర్ కట్టాలన్న ఆలోచన ఉంటే ఇంకో నిబంధన గుర్తుంచుకోండి. క్లస్టర్‌లో కొత్తగా చేరే నోడ్ మీద గెస్టులేవీ ఉండకూడదు. ఒకటి ఆగినా గెస్టులు వాటంతటవే ఇంకోదాని మీద లేవాలంటే ఓటున్న నోడ్‌లు కనీసం మూడు కావాలి. రెండు మెషీన్లు కొని "ఒకటి పోతే ఒకటి" అనుకుంటే, ఒకటి పోయినప్పుడు మిగిలినదానికి మెజారిటీ ఉండదు.

మేనేజ్‌మెంట్ పేజీని ఇంటర్నెట్‌కు తెరవకండి. ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చని పోర్టు తెరిచిపెట్టే అలవాటు మనకుంది. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా వేల హోస్టులకు తాళం వేసింది. అది వాడుకుందని చెప్పే లోపానికి ప్యాచ్ అప్పటికి రెండేళ్ల ముందే వచ్చింది. ఒక హోస్ట్ దొరికితే దొంగకు దాని మీదున్న సర్వర్లన్నీ ఒక్కసారే దొరుకుతాయి. ఇంటి నుంచి చూడాలంటే వీపీఎన్ పెట్టుకోండి.

హోస్ట్‌కు వేరే పని చెప్పకూడదు

విండోస్ సర్వర్ మీద హైపర్-వీ రోల్ వేశాక ఆ విండోస్ మీదే ఫైల్ షేరింగ్, డొమైన్ కంట్రోలర్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టేయడం మన ఆఫీసుల్లో మామూలు. "ఎలాగూ విండోసే కదా" అంటారు. హోస్ట్ మీద ఇంకే రోలూ వేయవద్దని మైక్రోసాఫ్ట్ సలహా. సలహాతో ఆగితే పర్లేదు, లైసెన్స్ కూడా ఆ వైపే ఉంది. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్స్‌తో రెండు గెస్టులు నడుపుకోవచ్చు. అయితే హోస్ట్ మీది విండోస్‌ను గెస్టులను నడపడానికీ చూసుకోవడానికీ మాత్రమే వాడాలన్నది షరతు. హోస్ట్ మీద ఫైల్ సర్వర్ పెట్టారా, గెస్టుల హక్కు రెండు నుంచి ఒకటికి తగ్గుతుంది. లైసెన్స్ లెక్క కోర్లను బట్టి, సర్వర్‌కు కనీసం 16 కోర్లు. నాలుగు విండోస్ గెస్టులు కావాలంటే అన్ని కోర్లకూ రెండోసారి లైసెన్స్ కొనాలి. డేటాసెంటర్ ఎడిషన్‌కు ఈ పరిమితి లేదు, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

ఒరాకిల్ డేటాబేస్ వాడే ఆఫీసులైతే మరీ జాగ్రత్త. వీఎంవేర్ గెస్ట్‌కు రెండే కోర్లు ఇచ్చామంటే ఒరాకిల్ ఒప్పుకోదు. దాని దృష్టిలో అది సాఫ్ట్ పార్టిషనింగ్. అడుగున ఉన్న భౌతిక కోర్లన్నిటికీ లైసెన్స్ అడుగుతుంది. హోస్ట్‌కు ఎన్ని కోర్లు కొనాలన్నది కొన్నిసార్లు పని భారాన్ని బట్టి కాక, ఇలాంటి బిల్లును బట్టి తేల్చుకోవాలి.

హైపర్‌వైజర్ల లైసెన్సులు ఈమధ్య అందరినీ తిప్పలు పెట్టాయి. బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొనడం ముగించింది. డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి సబ్‌స్క్రిప్షన్‌కు మళ్లించింది. 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్ఎక్స్ఐని తీసేసి, 2025 ఏప్రిల్‌లో 8.0 అప్‌డేట్ 3ఈతో తిరిగి తెచ్చింది. ఉచితం అన్నారని ఆఫీసుకు పెట్టేయకండి. ఈ ఉచిత ఎడిషన్‌ను వీసెంటర్ అనే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కు కలపలేరు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వాడే దారి మూసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన హైపర్-వీ సర్వర్‌కు 2019 వెర్షనే ఆఖరిది. ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, కానీ బాగా పరీక్షించిన అప్‌డేట్లు వచ్చే ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీకి డబ్బు కట్టాలి. ఆఫీసు మొత్తం ఒక మెషీన్ మీద ఆనినప్పుడు ఆ డబ్బు కట్టమనే నేను చెబుతాను.

హోస్ట్ మీద యాంటీవైరస్ ఉంటే గెస్టుల డిస్కు ఫైళ్లనూ, కాన్ఫిగరేషన్ ఫోల్డర్లనూ, హైపర్-వీ ప్రాసెస్‌లనూ స్కానింగ్ నుంచి మినహాయించాలి. లేకపోతే ఒక పొద్దున్న గెస్టులు లేవవు, కొన్నిసార్లు జాబితాలోనే కనబడవు. ప్రాక్స్‌మాక్స్ అడుగున డెబియన్ ఉంది కదా అని దాని మీదే డాకర్ వేసేవాళ్లకూ ఇదే మాట: ఒక గెస్ట్ చేసి అందులో వేసుకోండి. ఇక ఒకే మెషీన్ మీద రెండు హైపర్‌వైజర్లు పొసగవు. వీటీ-ఎక్స్‌ను ఒకరు పట్టుకుంటే రెండోవాళ్లకు దక్కదు. విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉన్నా అడుగున మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ నడుస్తున్నట్టే. వర్చువల్‌బాక్స్ ఎందుకు ఈడుస్తోందని తల పట్టుకునే ముందు అది చూడండి.

యూఎస్‌బీ డాంగిల్‌తో నడిచే సాఫ్ట్‌వేర్ ఉంటే మొదటి రోజే చెప్పమనండి. ప్రాక్స్‌మాక్స్, ఈఎస్ఎక్స్ఐ డాంగిల్‌ను గెస్ట్‌కు అప్పగించగలవు. హైపర్-వీలో అందుకు నేరుగా దారి లేదు. హైపర్‌వైజర్ ఎంపికను ఆ చిన్న డాంగిల్ ఒక్కటే తేల్చేయగలదు.

అమీర్‌పేటలో కోర్సు చేస్తూ ల్యాప్‌టాప్ మీద నేర్చుకునేవాళ్లకు రెండు ముక్కలు. విండోస్ హోమ్ ఎడిషన్‌లో హైపర్-వీ రాదు, ప్రో కావాలి. ఎం-సిరీస్ మ్యాక్‌లో ఎక్స్86 సర్వర్లు వర్చువలైజేషన్‌తో నడవవు. హైపర్‌వైజర్ ప్రాసెసర్‌ను పంచుతుందే తప్ప దాని జాతిని మార్చదు. ఎమ్యులేషన్‌తో నడిపించొచ్చు గానీ ఆ నెమ్మదికి నేర్చుకోవాలన్న ఆసక్తే చచ్చిపోతుంది.

కరెంటు, ఎండ

కంపెనీల పత్రాల్లో ఇవి చివరి పేజీల్లో ఉంటాయి. మన దగ్గర మొదటి పేజీలో ఉండాలి. డెల్ పవర్‌ఎడ్జ్ సర్వర్లకు మామూలుగా చెప్పే పని ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది ఆ పరిమితిని మెషీన్ ఆన్ చేయకముందే దాటేస్తుంది. రాత్రి ఆఫీసు మూసేటప్పుడు ఏసీ ఆపే వాచ్‌మన్‌కు కూడా ఈ సంగతి తెలియాలి.

యూపీఎస్ ఉంటే సరిపోదు. కరెంటు పోయిందన్న కబురు అది హోస్ట్‌కు చెప్పాలి, హోస్ట్ గెస్టులను పద్ధతిగా ఆపాలి, ఆ తర్వాత తాను ఆగాలి. ఇందుకు గెస్టుల్లో వీఎంవేర్ టూల్సో క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంటో ఉండాలి, యూపీఎస్ నుంచి హోస్ట్‌కు యూఎస్‌బీ కేబులో నెట్‌వర్క్ కార్డో ఉండాలి. గెస్టులన్నీ ఆగడానికి పట్టే సమయాన్ని ఒకసారి గడియారం పెట్టి చూడండి. బ్యాటరీ అంతకంటే ఎక్కువసేపు నిలవాలి, రెండేళ్ల తర్వాత కూడా. తిరిగి లేచేటప్పుడు వరస ముఖ్యం: డొమైన్ కంట్రోలర్ ముందు, మిగతావి తర్వాత. హోస్ట్‌ను ఆ డొమైన్‌లోనే చేర్చి ఉంటే హోస్ట్ లోకల్ పాస్‌వర్డ్ ఒక కవరులో రాసి భద్రపరచండి. డొమైన్ కంట్రోలర్ లేవని రోజు మిమ్మల్ని లోపలికి రానిచ్చేది అదొక్కటే.

కుదరదని చెప్పే పద్ధతి

ఇన్ని నిబంధనలు తెలుసుకుని మనసులో పెట్టుకుంటే లాభం లేదు. యజమానికి మొహం మీద "కుదరదు" అని చెప్పడం మనకు కష్టం, చెప్పాక ఆయనకూ కష్టం. అందుకే నోటితో చెప్పకండి, ఒక పేజీ కాగితం ఇవ్వండి. ఎడమవైపు మీరు పెట్టబోయే గెస్టులు, వాటి ర్యామ్, డిస్కు. కుడివైపు హోస్ట్‌లో ఉన్నది. కింద మూడు నాలుగు వాక్యాలు: ఈ హోస్ట్ మీద ఇంకే సాఫ్ట్‌వేరూ వేయం, ఐదో గెస్ట్ కావాలంటే ర్యామ్ కొనాలి, విండోస్ లైసెన్సులు ఇన్ని కావాలి, బ్యాకప్‌కు వేరే మెషీన్ కావాలి. ప్రతి వాక్యం పక్కన దానికయ్యే ఖర్చు. యజమానులు సాంకేతిక కారణాలను పట్టించుకోకపోవచ్చు, అంకెలను పట్టించుకుంటారు. ఆయన సంతకం పెట్టినా, "తర్వాత చూద్దాం" అన్నా, తేదీతో ఆ కాగితం మీ దగ్గర ఉంటుంది. "తర్వాత చూద్దాం" అన్నవాటిని ఈమెయిల్‌లో తిరిగి రాసి పంపండి. ఇది యజమానిని ఇరికించడానికి చేసే పని కాదు. డబ్బు ఆయనది, ఏ నష్టానికి ఎంత భరించాలో తేల్చుకునే హక్కూ ఆయనదే. తెలియకుండా భరించే స్థితిలో ఆయన్ను ఉంచకపోవడం మీ పని.

కాగితం ఒప్పందమయ్యాక ఇన్‌స్టాల్ చేసే రోజు. నిజానికి అది అరగంట పని. బయోస్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, గడియారం సరిచూడండి, ఐఎస్ఓ ఫైల్‌ను అసలు కంపెనీ సైట్ నుంచే తెచ్చుకుని చెక్‌సమ్ పోల్చండి. ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాలర్ మీరు ఎంచుకున్న డిస్కును పూర్తిగా తుడిచేస్తుంది, పాత విండోస్ పక్కన సర్దుకోవడం దానికి రాదు. తెరమీద కనబడే డిస్కుల్లో ఏది ఏదో సైజును బట్టి ఊహించకండి, ఒకే సైజువి రెండు ఉండొచ్చు. పాత డేటా ఉన్న డిస్కుల కేబుళ్లు ముందే పీకేయండి. మిగిలిన డిస్కు సీరియల్ నంబరును దాని మీది స్టిక్కర్‌తో పోల్చి రాసుకోండి. ఆ నంబరు చూసుకునే వీలు లేకపోతే ఆ రోజుకు ఇన్‌స్టలేషన్ వాయిదా వేయండి.